ఒకే చిప్పుకి రెండు పేర్లు, ఒకే పేరుకి రెండు చిప్పులు

2022 చివర్లో ఎన్‌విడియా ఒకే చిప్పుతో రెండు రకాల కార్డులు చేసి అమ్మకానికి పెట్టింది. చిప్పు పేరు ఏడీ102. గేములాడేవాళ్ళకి అది ఆర్‌టీఎక్స్ 4090, ధర 1599 డాలర్లు. కాడ్ ఇంజనీర్లకీ, యానిమేషన్ వాళ్ళకీ అది ఆర్‌టీఎక్స్ 6000 ఏడా, ధర దాదాపు 6800 డాలర్లు. రెండోదాంట్లో మెమరీ రెట్టింపు (24 జీబీ బదులు 48), కోర్లు కాస్త ఎక్కువ (16384 బదులు 18176). అంతమాత్రానికి నాలుగింతల ధరా అనిపిస్తుంది ఎవరికైనా.

అక్కడితో ఆగితే బాగుండేది. 2023 ఫిబ్రవరిలో లాప్‌టాప్‌లలోకి కూడా 4090 వచ్చింది. పేరూ అదే, అంకే అదే. లోపల మాత్రం ఏడీ102 కాదు, దాని తమ్ముడు ఏడీ103. కోర్లు 9728. మరుసటి నెలలో అదే ఏడీ103ని, అవే 9728 కోర్లతో, అదే 16 జీబీ మెమరీతో, 'ఆర్‌టీఎక్స్ 5000 ఏడా' అని పేరు మార్చి వర్క్‌స్టేషన్ లాప్‌టాప్‌ల కోసం ప్రకటించారు. అంటే ఒకే చిప్పుకి రెండు పేర్లు, ఒకే పేరుకి రెండు చిప్పులూ అన్నమాట.

మనవాళ్ళలో కంప్యూటర్ పని చేసేవాడు ఎవరున్నా చుట్టాలందరికీ వాడే హార్డ్‌వేర్ సలహాదారు. "అన్నయ్యా, మెకానికల్‌లో చేరాడు, సాలిడ్‌వర్క్స్ నేర్చుకోవాలట, గేమింగ్ లాప్‌టాప్ కొనమంటావా, వర్క్‌స్టేషన్ లాప్‌టాప్ కొనమంటావా?" అని ఫోను వస్తుంది. లక్షన్నరో రెండు లక్షలో పెట్టే కొనుగోలు. ఆ పిల్లవాడు నాలుగేళ్ళు దాంతోనే నెట్టుకురావాలి. కోర్లు లెక్కపెట్టి జవాబు చెప్పడం కుదరదని పై లెక్కలు చూస్తేనే తెలిసిపోతోంది. ఈ రెండు జాతుల మధ్య గోడ ఎలా లేచిందో తెలిస్తే తప్ప ఏది దేనికి పనికొస్తుందో చెప్పలేం. ఆ గోడ సిలికాన్‌తో కట్టింది కాదు, అసలు విషయం అదీ.

మొదట్లో గోడే లేదు, రెండు వేర్వేరు ఊళ్ళు ఉండేవి. స్టాన్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పే జిమ్ క్లార్క్ 'జామెట్రీ ఇంజన్' అనే చిప్పు తయారుచేసి, దాని ఆధారంగా 1982లో సిలికాన్ గ్రాఫిక్స్ అనే కంపెనీ పెట్టాడు. త్రీడీ బొమ్మలోని బిందువులని తిప్పడం, జరపడం, తెర మీదకి దించడం... ఈ లెక్కలన్నీ ప్రాసెసరు మీద రుద్దకుండా విడిగా ఒక చిప్పు చేత చేయించడమే ఆయన ఆలోచన. 'టెర్మినేటర్ 2', 'జురాసిక్ పార్క్' సినిమాల గ్రాఫిక్స్ ఆ కంపెనీ యంత్రాల మీదే తయారయ్యాయి. 90లలో వాళ్ళ పెద్ద మోడళ్ళ ధర లక్ష డాలర్లు దాటేది. మామూలు పీసీకీ వాటికీ పోలికే లేదు. ఎడ్లబండికీ రైలుకీ పోటీ పెట్టినట్టు ఉండేది.

ఆ రైలు కంపెనీయే ఒక మంచి పని చేసింది. తన సొంత గ్రాఫిక్స్ లైబ్రరీని సవరించి 1992లో ఓపెన్‌జీఎల్ అనే పేరుతో అందరికీ ప్రమాణంగా ఇచ్చింది. దాంతో కాడ్ సాఫ్ట్‌వేర్ రాసేవాడు ఫలానా యంత్రానికే కట్టుబడి ఉండక్కర్లేకుండా పోయింది. ఇంకో వైపు అక్కడి ఇంజనీర్లే కొందరు బయటికొచ్చి 1994లో త్రీడీఎఫ్ఎక్స్ పెట్టారు. 1996లో వాళ్ళ వూడూ కార్డు వచ్చింది. గేములాడే కుర్రాళ్ళు లక్షల సంఖ్యలో కార్డులు కొనడం మొదలైంది. చిప్పు డిజైన్ ఖర్చు అనేది ఎన్ని ముక్కలు అమ్మితే అంత పలచబడుతుంది. ఏడాదికి కొన్ని వేల యంత్రాలు అమ్మేవాడు లక్షల్లో కార్డులు అమ్మేవాడితో పోటీ పడలేడు. సిలికాన్ గ్రాఫిక్స్ పతనానికి వంద కారణాలు చెబుతారు గానీ నా దృష్టిలో ఈ కూడికలూ తీసివేతలే అసలు కారణం.

1998లో సిలికాన్ గ్రాఫిక్స్ పేటెంట్ల విషయంలో ఎన్‌విడియా మీద దావా వేసింది. 1999 జులైలో రాజీ కుదిరింది. రాజీ ఎలా ఉందో చూడండి. దావా వేసిన కంపెనీ తన గ్రాఫిక్స్ ఇంజనీర్లని కొందరిని ఎన్‌విడియాకి పంపించింది, తన పీసీ వర్క్‌స్టేషన్లలో ఎన్‌విడియా చిప్పులు పెట్టుకుంది! ఆ తర్వాత అది 2006లో ఒకసారి, 2009లో ఇంకోసారి దివాలా తీసింది. మౌంటెన్ వ్యూలో దాని ఆఫీసు భవనాలు గూగుల్ వాళ్ళవయ్యాయి. ఇవాళ మనవాళ్ళు ఫోటోలు దిగే గూగుల్‌ప్లెక్స్ అదే.

సరిగ్గా ఆ రోజుల్లోనే గోడకి పునాది పడింది. 1999 అక్టోబరులో ఎన్‌విడియా జీఫోర్స్ 256 విడుదల చేసింది. జిమ్ క్లార్క్ విడిగా చిప్పు పెట్టి చేయించిన లెక్కల పని ఇప్పుడు గేముల కార్డులోనే దూరిపోయింది. కొద్ది రోజులకే అదే చిప్పుతో 'క్వాడ్రో' అనే ఇంకో కార్డు, ఎన్నో రెట్ల ధరకి, వర్క్‌స్టేషన్లకోసం వచ్చింది.

తేడా ఏమిటి? కార్డు మీద రెండు మూడు బుల్లి రెసిస్టర్లు. అవి ఎక్కడ అతికించారన్న దాన్ని బట్టి చిప్పు "నేను జీఫోర్స్‌ని" అనో "నేను క్వాడ్రోని" అనో కంప్యూటర్‌కి తన నంబరు చెప్పుకుంటుంది. ఆ నంబరు చూసి డ్రైవరు కొన్ని తలుపులు తెరుస్తుంది, కొన్ని మూస్తుంది. గీతలు మెట్లు మెట్లుగా కాకుండా నునుపుగా గీయడం, ఉపరితలానికి రెండు వైపులా వెలుగు లెక్కకట్టడం, బొమ్మ మీద మెనూలు తేలుతుంటే కింది బొమ్మ మళ్ళీ గీయక్కర్లేకుండా విడిగా ఓవర్‌లే పొర ఉంచడం... ఇవన్నీ గేములకి అక్కర్లేనివి, కాడ్ వాళ్ళకి ప్రాణం లాంటివి.

ఇలాంటి గుట్టు ఎన్నాళ్ళు దాగుతుంది? మొదట టంకం కర్ర పట్టుకుని రెసిస్టర్లు జరిపారు. తర్వాత అలెక్సీ నికొలాయ్‌చుక్ అనే రష్యన్ ప్రోగ్రామరు టంకంతో కూడా పని లేకుండా చేశాడు. డ్రైవరుకే మందు పెట్టి జీఫోర్స్‌ని క్వాడ్రో అని నమ్మించే 'సాఫ్ట్‌క్వాడ్రో' అతని పనే. రివాట్యూనర్ రాసిందీ అతనే. ఇప్పటికీ గేమర్లు వాడే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ దాని వారసురాలే. కాలేజీలో త్రీడీ మ్యాక్స్ నేర్చుకునే పిల్లలకి ఇది వరం. ఎన్‌విడియా మాత్రం ఆ తర్వాతి తరాల్లో ఈ దారులు ఒక్కొక్కటిగా మూసేసింది.

రామాయణంలో పిడకల వేట అనుకోకపోతే ఒక మాట. ఇది ఎన్‌విడియా కనిపెట్టిన విద్యేమీ కాదు. 1991లో ఇంటెల్ 486ఎస్‌ఎక్స్ అని చవక ప్రాసెసరు అమ్మింది. దాంట్లో దశాంశ లెక్కల భాగాన్ని పని చెయ్యకుండా ఆపేశారు. ఆ లెక్కలు కావాలంటే పక్క సాకెట్‌లో 487ఎస్‌ఎక్స్ కొని పెట్టుకోమన్నారు. ఆ 487 నిజానికి మొత్తం 486డీఎక్సే. అది కూర్చోగానే పాత ప్రాసెసరుని పూర్తిగా పడుకోబెట్టి తనే పని చేసేది! అయినా మనం నవ్వడానికేముంది? ఒకే బైనరీని లైసెన్సు కీ బట్టి 'స్టాండర్డ్', 'ఎంటర్‌ప్రైజ్' అని రెండు ధరలకి అమ్మే పరిశ్రమలోనేగా మన జీతాలూ వస్తున్నాయి.

అలాగని వర్క్‌స్టేషన్ కార్డు ఒట్టి మోసమని తేల్చేస్తే అది కూడా అన్యాయమే. 2003 మేలో జరిగిన సంగతి చూడండి. గ్రాఫిక్స్ కార్డుల వేగం కొలిచే త్రీడీమార్క్ 03 అనే పరీక్ష ఉండేది. దాన్ని తయారుచేసిన ఫ్యూచర్‌మార్క్ కంపెనీ ఎన్‌విడియా డ్రైవరుని పరిశీలించింది. పరీక్షలో కెమెరా ఏ దారిలో వెళ్తుందో ముందే తెలుసు కాబట్టి, ఆ దారిలో కనపడని భాగాలని గీయకుండా దాటేసే ఏర్పాటు డ్రైవరులో దొరికింది. కెమెరాని దారి తప్పించి చూస్తే బొమ్మలో కంతలు! (తర్వాత రెండు కంపెనీలూ మాట్లాడుకుని దీన్ని 'ఆప్టిమైజేషన్' అని మర్యాదగా పిలుచుకున్నాయి, అది వేరే సంగతి.) అంతకు రెండేళ్ళ ముందు ఏటీఐ డ్రైవరు క్వేక్ 3 ఆటని పేరు చూసి గుర్తుపట్టి బొమ్మ నాణ్యత తగ్గించి వేగం పెంచింది. ఆట ఫైలు పేరు మార్చగానే వేగం పడిపోయింది.

గేముల డ్రైవరుకి పరమార్థం సెకనుకి ఎన్ని ఫ్రేములు అన్నదే. ఒక ఫ్రేములో ఒక గీత పోయినా అడిగేవాడు లేడు, సెకనులో అరవయ్యో వంతులో అది మాయమవుతుంది. టర్బైన్ బ్లేడ్ డ్రాయింగ్ చూసే ఇంజనీరుకి ఆ గీత పోతే? అతనికి కావలసింది గీయవలసిందంతా గీసే డ్రైవరు. ఫలానా సాఫ్ట్‌వేర్ ఫలానా వెర్షను, ఫలానా డ్రైవరు కలిపి పరీక్షించి "ఇది పనిచేస్తుంది, చెయ్యకపోతే మాది పూచీ" అనే సర్టిఫికెట్. వర్క్‌స్టేషన్ కార్డు ధరలో పెద్ద వాటా ఈ పూచీదే. హైదరాబాద్‌లో కాడ్, మ్యాపుల పని మన సాఫ్ట్‌వేర్ బూమ్‌తో పాటే పెరిగింది. ఇవాళ సయెంట్ అని పిలిచే ఇన్ఫోటెక్ 1991లో పుట్టింది అలాంటి పనులకే. విమానం ఇంజను భాగాల మీద పనిచేసే అలాంటి చోట్ల ఏ మేనేజరూ సాఫ్ట్‌క్వాడ్రో పెట్టమనడు. బొమ్మ తప్పుగా వస్తే ఫోను చెయ్యడానికి ఒక నంబరు ఉండాలి కదా.

కాకపోతే ఆ పూచీకి ఎక్కడ ముగింపు, అడ్డగోలు తాళానికి ఎక్కడ మొదలు అన్నది ఎప్పుడూ మసకే. సాలిడ్‌వర్క్స్‌లో 'రియల్‌వ్యూ' అని ఉంది. లోహం లోహంలా, గాజు గాజులా మెరుస్తూ కనపడుతుంది. చాలా ఏళ్ళు అది సర్టిఫై చేసిన కార్డులకే తెరుచుకునేది. విండోస్ రిజిస్ట్రీలో ఒక విలువ మారిస్తే మామూలు జీఫోర్స్ మీద కూడా శుభ్రంగా పనిచేసేది. ఇక 2017 సంగతి చెబితే నవ్వాలో ఏడవాలో తెలీదు. ఏఎండీ 999 డాలర్లకి వేగా ఫ్రాంటియర్ ఎడిషన్ తెచ్చి, దాంట్లో ప్రొఫెషనల్ డ్రైవరు సౌకర్యాలు ఇచ్చింది. నెల దాటిందో లేదో ఎన్‌విడియా తన టైటాన్ ఎక్స్‌పీ కార్డుకి కొత్త డ్రైవరు వదిలి, మాయా లాంటి సాఫ్ట్‌వేర్లలో వేగం మూడు రెట్ల దాకా పెరుగుతుందని ప్రకటించింది. కార్డు అదే, అప్పటికే జనం కొని వాడుతున్నదే. ఆ వేగం అన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో అడక్కుండానే అర్థమవుతుంది. 2019లో ఓపెన్‌జీఎల్‌లో 10 బిట్ల రంగులు మామూలు జీఫోర్స్‌లకి దక్కినదీ ఒక డ్రైవరు ద్వారానే.

ఇప్పటిదాకా చెప్పింది డెస్క్‌టాప్ కథ. లాప్‌టాప్‌లోకి వస్తే గోడ మీద ఇంకో గోడ లేచింది. ఇది మాత్రం మనుషులు కట్టింది కాదు, భౌతికశాస్త్రం కట్టింది.

లాప్‌టాప్‌లో నిజానికి 'కార్డు' అనేదే ఉండదు. 2004లో ఎంఎక్స్‌ఎం అని మార్చుకోగలిగే బుల్లి కార్డుల ప్రమాణం వచ్చింది గానీ కొన్ని బరువైన మోడళ్ళకే పరిమితమైంది. చాలావాటిలో చిప్పు మదర్‌బోర్డుకే టంకంతో అంటుకుని ఉంటుంది. ఎన్‌విడియా మొదటి లాప్‌టాప్ చిప్పు జీఫోర్స్2 గో 2000 నవంబరులో వచ్చింది. మరుసటి ఏడాదే దాని క్వాడ్రో అవతారం డెల్ ప్రెసిషన్ ఎం40లో కనపడింది. 2002లో ఐబీఎం థింక్‌ప్యాడ్ ఏ31పీలో ఏటీఐ మొబిలిటీ ఫైర్‌జీఎల్ 7800 పెట్టారు. చిప్పు మాత్రం మొబిలిటీ రేడియాన్ 7500దే. అంటే పేరు మార్చే ఆచారం లాప్‌టాప్‌లకి పుట్టుకతోనే వచ్చింది.

పేరు మారినా లోపల సిలికాన్ ఒకటే అని జనానికి బాగా తెలిసొచ్చింది 2008లో. ఆ జులైలో ఎన్‌విడియా తన లాప్‌టాప్ చిప్పుల్లో కొన్ని, చిప్పునీ ప్యాకేజీనీ కలిపే పదార్థాల బలహీనత వల్ల, మామూలుకన్నా ఎక్కువగా పాడవుతున్నాయని ఒప్పుకుని 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. చిప్పు వేడెక్కుతుంది, చల్లారుతుంది, మళ్ళీ వేడెక్కుతుంది. ప్రతిసారీ కింద ఉన్న టంకం చుక్కలు సాగి ముడుచుకుంటాయి. కొన్నాళ్ళకి పగులు, ఆపైన నల్లతెర. డెల్, హెచ్‌పీ, యాపిల్ మూడూ కస్టమర్లకి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. డెల్ ప్రకటించిన జాబితాలో ఇన్‌స్పిరాన్ల పక్కనే ప్రెసిషన్ వర్క్‌స్టేషన్ లాప్‌టాప్ కూడా ఉంది. క్వాడ్రో పేరుకి ఎక్కువ డబ్బు కట్టినవాడికి టంకం మాత్రం అందరికీ పోసిందే పోశారు. సికింద్రాబాద్ సీటీసీ రిపేరు షాపుల్లో 'రీబాలింగ్' అనే మాట చాలామంది చెవిన పడింది ఈ రకం జబ్బుల వల్లే.

ఇక వేడి లెక్క. చిప్పు తినే కరెంటు దాని వేగాన్ని బట్టి పెరుగుతుంది, వోల్టేజీ వర్గాన్ని బట్టి కూడా పెరుగుతుంది. వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి. కాబట్టి చివరి పది శాతం వేగం కోసం బోలెడు వాట్లు కాలతాయి. ఇదే లెక్కని తిరగేస్తే, వేగం కొంచెం తగ్గించుకుంటే వాట్లు బాగా మిగులుతాయి. డెస్క్‌టాప్ 4090కి 450 వాట్లు. లాప్‌టాప్ 4090కి తయారీదారు ఇష్టాన్ని బట్టి 80 నుంచి 150 దాకా. సన్నటి పెట్టెలో అంతకన్నా వేడి బయటికి తొయ్యలేరు. ఈ కిటుకునే ఎన్‌విడియా 2017లో 'మ్యాక్స్-క్యూ' అని పేరు పెట్టి సన్నటి గేమింగ్ లాప్‌టాప్‌లు చేయించింది. ఇంజనీరింగ్‌గా అది మెచ్చుకోవలసిన పనే.

మెచ్చుకోలేనిది పేర్ల సంగతి. ఒకప్పుడు లాప్‌టాప్ చిప్పు పేరు చివర 'ఎం' అక్షరం ఉండేది, 8600ఎం, 980ఎం అని. 2016లో 10 సిరీస్‌తో ఆ అక్షరం తీసేశారు. అప్పటికి అది న్యాయమే, లాప్‌టాప్ జీటీఎక్స్ 1080లో డెస్క్‌టాప్ చిప్పే, అవే 2560 కోర్లు. కానీ అక్షరం వెళ్ళిపోయాక న్యాయం కూడా మెల్లగా వెళ్ళిపోయింది. 2021 జనవరిలో లాప్‌టాప్‌లలోకి వచ్చిన ఆర్‌టీఎక్స్ 3080కి డెస్క్‌టాప్‌లో 8704 కోర్లయితే లాప్‌టాప్‌లో 6144, చిప్పే వేరు. పైగా అప్పుడే మ్యాక్స్-క్యూ అనే గుర్తు కూడా పేరులోంచి ఎత్తేశారు. ఏ లాప్‌టాప్‌లో ఎన్ని వాట్లో కొనేవాడికి తెలీని పరిస్థితి. గోల మొదలయ్యాక, వాట్లూ వేగమూ వెబ్‌సైట్లలో రాయాలని ఎన్‌విడియా తయారీదారులని అడగవలసి వచ్చింది. 2025 తరంలో 5090 డెస్క్‌టాప్‌కి 21760 కోర్లు, లాప్‌టాప్‌కి 10496. సగం కన్నా తక్కువ! పేరు గొప్ప ఊరు దిబ్బ అని ఊరికే అనలేదు.

వర్క్‌స్టేషన్ కార్డు వైపు కూడా ఒక భ్రమ మిగిలి ఉంది. "సైంటిఫిక్ లెక్కలకి ప్రొఫెషనల్ కార్డే ఉండాలి" అనే మాట. 2010లో అది నిజం. జీటీఎక్స్ 480లో డబుల్ ప్రెసిషన్ వేగాన్ని కావాలనే తొక్కిపట్టారు, మామూలు వేగంలో ఎనిమిదో వంతుకి. అదే తరం టెస్లా కార్డులో అది సగం. ఇవాళ ఆర్‌టీఎక్స్ 6000 ఏడాలో కూడా అది 64వ వంతే, 4090లో ఎంతో అంతే. ఆ పని కావాలంటే డేటా సెంటర్ కార్డులకి వెళ్ళమని అర్థం. డేటా సెంటర్‌లో జీఫోర్స్ వాడుకుందామంటే 2017 చివర్లో డ్రైవరు లైసెన్సులోనే కుదరదని రాసేశారు. సిలికాన్‌తోనో డ్రైవరుతోనో కుదరనప్పుడు గోడ వకీలుతో కట్టించారు. 2012లో న్యూరల్ నెట్‌వర్క్‌ల దశ తిప్పిన అలెక్స్‌నెట్ శిక్షణ పొందింది 3 జీబీ మెమరీ ఉన్న రెండు జీటీఎక్స్ 580 గేమింగ్ కార్డుల మీద అని గుర్తుంటే, ఆ వాక్యం చదివినప్పుడు కాస్త చిరాకు వెయ్యకమానదు.

మరి ఆ మెకానికల్ కుర్రాడి ఫోనుకి ఏం చెప్పాలి? నేనైతే నేర్చుకునే పిల్లవాడికి గేమింగ్ లాప్‌టాపే కొనమంటాను, ఎన్‌విడియా స్టూడియో డ్రైవరు వేసుకోమంటాను. పేరులోని అంకె పక్కన పెట్టి చిప్పుకి ఎన్ని వాట్లు, మెమరీ ఎన్ని జీబీ అని షాపువాణ్ణి రెండు ప్రశ్నలు అడగమంటాను. 140 వాట్ల 4070 ముందు 80 వాట్ల 4080 ఏమంత గొప్పగా ఉండదు. ఉద్యోగంలో చేరాక, అసెంబ్లీలో వేల భాగాలుంటే, తప్పు గీతకి డబ్బు పోయే పని అయితే, అప్పుడు వర్క్‌స్టేషన్ కార్డు కావాలి. అది కంపెనీ కొనిపెట్టాలి. ఈసీసీ మెమరీ, సర్టిఫికెట్, ఫోను నంబరు ఇవన్నీ కంపెనీ అవసరాలే. వర్క్‌స్టేషన్ లాప్‌టాప్ మాత్రం సైట్ల వెంట తిరిగే ఇంజనీరుకి తప్ప ఇంకెవరికి నప్పుతుందో నాకు తోచదు. పూచీ వర్క్‌స్టేషన్‌దే గానీ, ఊపిరి లాప్‌టాప్‌దేగా.

ఎన్‌విడియా క్వాడ్రో అనే పేరుని 2020లోనే వదిలేసింది, ఇప్పుడు అంతా ఆర్‌టీఎక్స్ ప్రో. ఆ వరసలో 2025లో వచ్చిన 96 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ ప్రో 6000కి 600 వాట్లు కావాలి. ఒకే పెట్టెలో నాలుగు పెడితే గది పొయ్యి అవుతుందని కాబోలు, 300 వాట్లతో సరిపెట్టుకునే ఇంకో రకం కూడా చేశారు. దాని పేరు మ్యాక్స్-క్యూ వర్క్‌స్టేషన్ ఎడిషన్.